నాన్న బ్యాగు మళ్లీ కుట్టడం: ఒక తోలు పని డైరీ

జూలై 6, 2024, శనివారం

అటక మీద పాత ఇత్తడి సామాను దించుతుంటే వెనకాల నాన్న కండక్టర్ బ్యాగు కనబడింది. ఆర్టీసీలో ముప్పై ఏళ్లకు పైగా చేసి 2011లో రిటైరయ్యారు. అప్పట్నుంచీ అది అక్కడే ఉందన్నమాట. దులపబోతే చేతులకి ఇటుకపొడిలాంటి ఎర్రపొడి అంటుకుంది. చెట్ల బెరడుతో పదును చేసిన, అంటే కుళ్లకుండా తోలుగా మార్చిన చర్మం ఏళ్ల తరబడి గాలికీ ఉక్కకీ పడి ఉంటే ఇలా పొడిపొడిగా రాలిపోతుంది. రెడ్ రాట్ అంటారు. నూనె పూస్తే బతికే దశ ఎప్పుడో దాటిపోయింది. భుజం పట్టీ పట్టుకుని ఎత్తితే పట్టీ చేతిలోకి వచ్చింది, బ్యాగు కింద ఉండిపోయింది.

నాన్నకి చూపిస్తే "పారెయ్యమ్మాయ్, ఇంకెందుకది" అన్నారు. కానీ కళ్లద్దాలు తెచ్చుకుని పావుగంట సేపు తిప్పితిప్పి చూశారు. దాంతో నేను నిర్ణయం తీసేసుకున్నాను. ఇదే కొలతలతో కొత్తది కుడతాను. ఇప్పుడు ఆయన మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ట్రెజరర్. నెల మొదటివారంలో ఇంటింటికీ వెళ్లి మెయింటెనెన్స్ వసూలు చేసి, ఆ డబ్బు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతుంటారు. పనికొస్తుంది.

నాకీ తోలు పిచ్చి పట్టి మూడేళ్లయింది. వారమంతా ఆఫీసులో లెక్కలు, ఆదివారం తోలు. ఇప్పటిదాకా పర్సులు పదకొండు, బెల్టులు మూడు, కీచైన్లు లెక్కలేనన్ని. పర్సుల్లో మొదటి రెండూ ఎవరికీ చూపించుకోలేనివి. అమెరికా వాళ్ల నమూనా ఒకటి దించుకుని ప్రింట్ తీయించాను. వాళ్ల కాగితం సైజు వేరు, మన ఏ4 వేరు. జిరాక్స్ షాపు కుర్రాడు పేజీకి సరిపోయేట్టు కుదించి కొట్టాడు. వంద మిల్లీమీటర్లు ఉండాల్సిన గీత తొంభై ఏడే వచ్చింది. ఏటీఎం కార్డు పొడవు 85.6 మి.మీ. నా జేబు లోపల 85 కూడా లేదు. రెండోది సరైన కొలతకి కుడితే కార్డు దూరింది కానీ, పాత వంద నోటు తల బైటపెట్టి చూసింది. డాలరు ఎత్తు 66 మి.మీ. మన కొత్త ఐదొందలూ, రెండొందలూ, వందా కూడా అంతే. పాత వంద మాత్రం 73. అప్పట్నుంచి ఎవరి నమూనా అయినా ముందు స్కేలు పెట్టి కొలవందే కత్తి పట్టను.

ఈ బ్యాగుకి ఆ గొడవ లేదు. నమూనా ఎదురుగానే ఉంది. బ్లేడుతో కుట్లు విప్పుతూ పోయాను. చాలాచోట్ల దారం ఎప్పుడో పోయింది, మురికే పట్టి ఉంచింది. ముందు ముక్క 27 సెంటీమీటర్లు వెడల్పు, 21 ఎత్తు. పక్కలకీ అడుగుకీ కలిపి చుట్టూ వచ్చే పట్టీ 6 సెంటీమీటర్లు. లోపల నోట్లకి ఒక అర, చిల్లరకి ఒక జేబు. పైన కప్పే మడత. పోయినేడాది క్యాలెండరు కాగితాల వెనక గీసుకుని, చెప్పుల డబ్బా అట్ట మీద అంటించి కత్తిరించాను. నాన్నని ఏమీ అడగలేదు. ఆ సంగతి మళ్లీ వస్తుంది.

జూలై 14, ఆదివారం

నిన్న పొద్దున్న విజయవాడ నుంచి పినాకిని రైల్లో చెన్నై వెళ్లి, రాత్రి బండికి తిరిగొచ్చాను. సెంట్రల్ స్టేషన్ దిగి నడిచి వెళ్లేంత దూరంలో పెరియమేట్. సందు సందంతా తోలు షాపులే. ఆన్‌లైన్లో కొనొచ్చుగా అని మావారు అన్నారు. కొన్నాను ఒకసారి. ఫొటోలో తేనెరంగు, వచ్చింది ఆవకాయ రంగు. పైగా 2 మి.మీ. అని రాసి ఉన్నది ఒక చివర 2.4, ఇంకో చివర 1.6. తోలు చేత్తో నలిపి చూసి కొనాల్సిన సరుకు.

షాపులో "వెజ్జా, క్రోమా" అని అడుగుతారు. శాకాహారమా అని అడిగినట్టు ఉంటుంది మొదటిసారి వినేవాళ్లకి. వెజ్ అంటే చెట్ల బెరడు, కాయలతో పదును చేసింది. మన దక్షిణాదిలో తంగేడు చెక్క, కరక్కాయ, తుమ్మ చెక్క ఎప్పట్నుంచో వాడుతున్నారు. గట్టిగా నిలబడుతుంది, తడిపి వంచితే ఆ వంపులోనే ఉండిపోతుంది, అంచు రుద్దితే మెరుస్తుంది. క్రోమ్ అంటే క్రోమియం లవణాలతో చేసింది. మెత్తగా ఉంటుంది, నీళ్లకి తట్టుకుంటుంది, అంచు మాత్రం ఎంత రుద్దినా పీచులా లేస్తుంది. బైట ఎంత గోధుమరంగు వేసినా, కోసిన అంచులో నీలిబూడిద గీత కనిపిస్తే అది క్రోమ్ అని తెలిసిపోతుంది.

గేదె తోలు, వెజ్, 2 మి.మీ. కావాలన్నాను. వాళ్ల మాటలో బఫ్. సగం తోలు, అంటే వెన్నెముక దగ్గర నిలువునా చీల్చిన ఒక పక్క, 19 చదరపు అడుగులు. అడుగు నూట యాభై. ముక్క ఇవ్వరు, తీసుకుంటే మొత్తం తీసుకోవాలి. పరిచి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. ఇంటికొచ్చి తీరిగ్గా చూస్తే మెడ దగ్గర ముడతలు, భుజం మీద కాడి రాసుకున్న మచ్చ, పొట్ట పక్కన గోమారులు కుట్టిన చిన్నచిన్న గుంటలు. బ్యాగుకి పనికొచ్చేది పది అడుగులుంటుందేమో. తప్పు షాపు వాడిది కాదు. ఆ గేదె పాపం ఎక్కడో బండి లాగింది, పొదల్లో తిరిగింది.

తోలు చుట్టని రైల్లో పై బెర్తు మీద పెట్టాను. కింద కూర్చున్నావిడ చాప అనుకుని ఎంతకి కొన్నారని అడిగింది. తోలు అని చెప్పగానే కాళ్లు పైకి లాక్కుంది. అక్కడికి ఆవిడ చెప్పులు గుడ్డవైనట్టు.

నాన్నకి పెరియమేట్ కబుర్లు చెబుతుంటే, అడయారు వెళ్లలేదా అన్నారు. అక్కడ కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది, 1948లో పెట్టారు. దాన్ని ఏళ్లపాటు నడిపిన యలవర్తి నాయుడమ్మగారిది మా తెనాలి దగ్గరి యలవర్రే. 1985లో కనిష్క విమానం పేలిపోయినప్పుడు అందులో ఉన్నారు. నాన్నకి తోలు అంటే తెలిసిన పేరు అదొక్కటే. ఆ ఊరి మనిషి తోలులోకి వెళ్లి అంత పేరు తెచ్చుకున్నాడని ఆయనకిప్పటికీ గొప్ప. నేను ఆదివారం బాల్కనీలో చేసుకునే పనికి మాత్రం అంత మర్యాద దక్కలేదింకా.

జూలై 21, ఆదివారం

కోత.

ముందు ముక్క కోసేటప్పుడు కత్తి వంపు దగ్గర జారి అర సెంటీమీటరు లోపలికి పోయింది. కొత్త బ్లేడే. రాయి మీద నూరి, తోలుపట్టీ మీద ఆకుపచ్చ పేస్టు రాసి రుద్ది మరీ మొదలుపెట్టాను. అయినా ఇది పర్సు తోలు కాదు కదా, రెండు మిల్లీమీటర్ల బఫ్. నొక్కితే ఎదురు తిరుగుతుంది.

సాయంత్రం చెడిన ముక్క పట్టుకుని గవర్నర్‌పేటలో వేపచెట్టు కింద కూర్చునే, నేను బాబాయ్ అని పిలిచే ఆయన దగ్గరికి వెళ్లాను. చెప్పులు కుడతారు. రెండేళ్లుగా పరిచయం. ఆ ముక్క చూసి, నేనెలా కోశానో చెప్పకుండానే చెప్పేశారు.

"లాగారా అమ్మా? లాక్కూడదు. తొయ్యాలి."

ఆయన దగ్గరున్నది రంపె. అడుగున వెడల్పుగా, చంద్రవంకలా ఉండే కత్తి. తోలుని చెక్కబల్ల మీద పెట్టి, రంపెని ముందుకి తోస్తూ కోస్తారు. వంపు వచ్చినప్పుడు కత్తి తిప్పరు, ఎడమచేత్తో తోలుని తిప్పుతారు. నేను ఇన్నాళ్లూ బల్ల చుట్టూ నేనే తిరుగుతున్నాను! ఆయన రంపెతో చిన్న ముక్క మీద నాలుగు వంపులు కోయించారు. నాలుగోది పర్వాలేదు. డబ్బులిస్తే తీసుకోలేదు. మావారి చెప్పులు రెండు జతలు కుట్టించుకొచ్చి లెక్క సరిచేశాను.

ముందు ముక్క మళ్లీ కోశాను. అర చదరపు అడుగుకి పైగా తోలు గంగపాలు. చెడింది చిల్లర జేబుకి వస్తుంది.

ఆగస్టు 4, ఆదివారం

రేపట్నుంచి శ్రావణమాసం. అమ్మ ఇవ్వాళే చెప్పేసింది, నెల రోజులూ ఇంట్లో తోలు కనబడకూడదని. "వరలక్ష్మీవ్రతం పెట్టుకుని ఇంట్లో ఈ కంపేంటే?" నిజానికి వెజ్ తోలుకి కంపు ఉండదు, తడిసిన చెక్క వాసన. కానీ అమ్మ మాట వాసన గురించి కాదని నాకూ తెలుసు. పోయిన నెల వచ్చిన మేనత్త నేరుగానే అంది, "మనకెందుకే ఆ పని" అని. ఆవిడ చేతిలో ఉన్న హ్యాండ్‌బ్యాగు తోలుదే. నడుముకి బెల్టు, కాలికి చెప్పు, డోలుకి చర్మం, ఇవేవీ మైల కాదు. సూది పట్టుకుంటేనే మైల.

దీని గురించి బాబాయ్‌తో ఎప్పుడూ మాట్లాడలేదు. నాకిది ఆదివారం సరదా. విసుగొస్తే పక్కన పడేసి టీవీ పెట్టుకుంటాను. ఆయనకి తాతలనాటి నుంచీ మెడకి చుట్టుకున్న పని. ఇద్దరి చేతిలోనూ ఒకే పని ఉందని రాసుకోవడం తేలిక. ఒకటి కాదు.

సామానంతా లిఫ్ట్ రూము పక్కనున్న గదిలోకి మార్చాను. ఫ్యాను లేదు.

ఆగస్టు 11, ఆదివారం

ఈ రోజు ఎవరితోనూ మాట్లాడే మూడ్ లేదు.

కుట్టడానికి ముందు తోలుకి బెజ్జాలు వేసుకోవాలి. బెజ్జానికీ బెజ్జానికీ 4 మి.మీ. ఫోర్కులా పళ్లున్న ఉలి ఉంటుంది, దాన్ని సుత్తితో కొడుతూ పోవాలి. ముందు ముక్క మూడు వైపులా 21, 27, 21, మొత్తం 69 సెంటీమీటర్లు. సుమారు 172 బెజ్జాలు. చుట్టుపట్టీకీ అన్నే ఉండాలి కదా. రెండూ విడివిడిగా వేసి, చివర్లో లెక్కపెట్టాను. ముందు ముక్కకి 172. పట్టీకి 175.

మూడు ఎక్కువ. ఎక్కడ ఎక్కువో తెలీదు. మళ్లీ లెక్కపెట్టాను. 175. మావారిని పిలిచి లెక్కపెట్టించాను. 174 అన్నారు. అది ఇంకా మంట.

కారణం తర్వాత తట్టింది. మూలల దగ్గర వంపుంది. అక్కడ ముందు ముక్కకి రెండు పళ్ల ఉలిని వంపు వెంట తిప్పి తిప్పి వేశాను, దూరం కొంచెం సాగింది. పట్టీ తిన్నగా ఉంటుంది కాబట్టి అక్కడ ఆరు పళ్ల ఉలితో దడదడా వేసుకుంటూ పోయాను. ఒక్కో మూలకీ బెజ్జంన్నర తేడా. చేయాల్సింది ఏంటంటే, రెండు ముక్కలకీ అడుగు మధ్యలో గుర్తు పెట్టుకుని అక్కణ్ణుంచి రెండు వైపులకీ పైకి రావాలి. మూల తిరిగాక లెక్క చూసుకుని, తేడా ఉంటే తిన్నటి భాగంలో కొద్దికొద్దిగా సర్దుకోవాలి. పైకొచ్చాక ఒక బెజ్జం మిగిలినా పట్టీని కత్తిరించేయొచ్చు. ఇదంతా నాకు తెలుసు, పోయినేడాది స్నేహితురాలికి నేనే చెప్పాను కూడా.

కొత్త పట్టీ కోయాలి. ఒకసారి పడ్డ బెజ్జం తోలులో పూడదు.

ఆగస్టు 15, గురువారం

సెలవు. పట్టీ కోసి, వంచడానికి తడిపి, మడత నిలవడానికి పైన ఇనప స్కేలు పెట్టి భోజనానికి కిందకి వెళ్లాను. వచ్చి స్కేలు తీస్తే దాని కింద తిన్నగా, ఇంకుతో గీసినట్టు నల్లటి గీత.

నిజంగానే ఇంకే అది. బెరడులోని టానిన్, ఇనుము, తడి, మూడూ కలిస్తే నలుపు. మనకి దగ్గర్లో పెడనలో కలంకారీ నలుపు తీసేదీ ఇలాగే. బట్టని కరక్కాయ నీళ్లలో ముంచి, బెల్లంతో ఊరబెట్టిన ఇనప నీళ్లు అద్దుతారు. వాళ్లు వారాల తరబడి కష్టపడి తెచ్చే రంగుని నేను పప్పన్నం తినొచ్చేలోగా సాధించాను.

నిమ్మకాయ రసం రుద్దితే గీత నలుపు నుంచి బూడిదరంగుకి దిగింది. ఇంకాస్త రుద్దితే పైపొర లేస్తుందని ఆపేశాను. ఆ చోటు మీదకి భుజం పట్టీ కొక్కెం ముక్క వచ్చేట్టు నమూనా మార్చుకున్నాను. ఇనప స్కేలుకి ప్లాస్టిక్ టేపు చుట్టాను. మూడేళ్ల తర్వాత.

ఆగస్టు 25, ఆదివారం

కుట్టు మొదలైంది.

బెజ్జాలు వేసేటప్పుడు వచ్చే చప్పుడు పైగదిలో అయినా కింది ఫ్లాటుకి వినబడుతోందట. సెక్రటరీ దాకా వెళ్లింది. ట్రెజరర్ కూతుర్నని ఊరుకున్నారు. నాన్న ఉపాయం చెప్పారు. పాత బొంత నాలుగు మడతలు పెట్టి, దాని మీద వంటింటి గట్టు చేసినప్పుడు మిగిలిన గ్రానైట్ ముక్క, దాని మీద తోలు. చప్పుడు సగానికి తగ్గింది.

కుట్టు రెండు సూదులది. ఒకే దారం, రెండు చివర్లా రెండు సూదులు, ప్రతి బెజ్జంలోనూ రెండూ ఎదురెదురుగా వెళ్లాలి. మిషను కుట్టులో పైదారం తెగితే అక్కణ్ణుంచి కుట్లు ఊడుతూ పోవచ్చు. ఇందులో ఒక దారం తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. అందుకే నాకిది ఇష్టం. 0.8 మి.మీ. పాలిస్టర్ దారం, తేనెమైనం పట్టించి. కుట్టు పొడవుకి నాలుగింతల దారం తీసుకోవాలి. 69 కి నాలుగింతలు 276. మూడు మీటర్లు తెంపాను. తోలు రెండు పొరలు కలిసి 4 మి.మీ. మందం ఉందన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. ఇంకా పదకొండు సెంటీమీటర్ల కుట్టు ఉండగానే సూదులు రెండూ తోలుకి అంటుకుపోయాయి. అక్కడ ముడి. లోపలి వైపుకి నెట్టాను, కనబడదు. నాకు మాత్రం కనబడుతుంది.

గంటకి ఇరవై సెంటీమీటర్లు నా వేగం. పోయిన వారం బాబాయ్‌కి ఈ లెక్క చెబితే నవ్వారు. ఆయనది కొక్కెం ఉన్న ఆరె, అంటే తోలుకి బెజ్జం గుచ్చే పిడి ఉన్న సూది. గుచ్చుతారు, కింద దారం తగిలిస్తారు, పైకి లాగుతారు, మెలిక వేస్తారు. నేను సూదికి దారం ఎక్కించేలోగా ఒక చెప్పు పట్టీ అయిపోతుంది. రెండు సూదులు గట్టి అని నేను వాదించబోయాను. "గట్టిదే అమ్మా. చెప్పు తెగినోడు నిలబడి ఉంటాడు కదా, బస్సెళ్లిపోతది" అన్నారు.

సెప్టెంబరు 1, ఆదివారం

పనేమీ లేదు. నిన్నట్నుంచి వాన ఆగలేదు. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపంతా నీళ్లు. మా వీధికి రాలేదు. కరెంటు పోయింది. బాబాయ్ ఉండేది సింగ్‌నగర్‌లోనే. ఫోను కలవడం లేదు.

సెప్టెంబరు 8, ఆదివారం

ఏడు రోజులుగా తోలు ముట్టుకోలేదు. నాన్న, అసోసియేషన్ వాళ్లు కలిసి పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు సర్ది పంపారు. నిన్న వినాయకచవితి కూడా అంతంతమాత్రంగానే. వేపచెట్టు కింద చోటు ఖాళీగా ఉంది.

సెప్టెంబరు 22, ఆదివారం

బాబాయ్ వచ్చారు! మొన్న శుక్రవారం ఆఫీసు నుంచి వస్తూ చూశాను. కింది ఇల్లు కావడంతో నడుం పైదాకా నీళ్లొచ్చాయట. పెట్టెలో ఆరె, రంపె, సుత్తి మిగిలాయి. తుప్పు పట్టాయి, రాయి మీద రుద్దుకుంటున్నారు. తోలు ముక్కలు, రబ్బరు షీట్లు, సొల్యూషన్ డబ్బాలు అన్నీ పోయాయి. నా దగ్గరున్న 19 అడుగుల్లో మెడ భాగం, పొట్ట భాగం చుట్టి తీసుకెళ్లి ఇచ్చాను. చేత్తో ఒకసారి మడిచి చూసి "అడుగుకి పనికొస్తది" అని పక్కన పెట్టుకున్నారు. అంతే. ఆ రోజు ఇంకేం మాట్లాడుకోలేదు.

పైగదిలో నా కష్టం ఆయన ముందు చెప్పుకునేది కాదు. మిగిలిన తోలుని వాన తగలకూడదని ప్లాస్టిక్ కవర్లో చుట్టి వెళ్లాను. మూడు వారాల ఉక్కలో దాని మీద తెల్లటి బూజు నూగు. తోలుకి గాలాడాలి, పాత దుప్పటో కాగితమో చుట్టాలి, ప్లాస్టిక్ పనికిరాదు. పొడిగుడ్డతో తుడిచి, స్పిరిట్ అద్ది, నీడలో ఆరబెట్టాను. బ్యాగు మీద రెండు మచ్చలు మిగిలాయి. రంగు ముదిరితే కలిసిపోతాయి.

బూజు ఉందేమోనని పాత బ్యాగు ముక్కలు కూడా తీసి చూశాను. అప్పుడు పడింది కన్ను. పైన కప్పే మడత ఉంది కదా, దాని లోపలి పక్క నున్నగా మెరుస్తోంది. బైటి పక్క ఇంకా కొత్త తోలులా గరుకుగా ఉంది. మడతపడే చోట చీలికలు కూడా వెనక్కి వంచినట్టు ఉన్నాయి. బ్యాగు నోటి దగ్గర ఎడమ వైపు బొటనవేలంత మేర నల్లగా, జిడ్డుగా, పలచబడిపోయి ఉంది.

నాన్నని అడిగాను.

"అది మూసేదెవరే? బస్సు నిండా జనం, ఒక చేతిలో టికెట్లు. మూత తెరుచుకుంటూ కూర్చుంటే స్టాపు దాటిపోదూ? వెనక్కి మడిచి ఒంటికీ బ్యాగుకీ మధ్య పెట్టేసేవాణ్ణి. చెమట డబ్బుకి పట్టకుండా ఉండేది. వానొస్తే ముందుకి వేసుకోవడమే."

నేను అప్పటికే మూతకి అయస్కాంతం బటన్ పెట్టి, గట్టి తోలుతో, ఠక్కుమని మూసుకునేట్టు కుట్టేశాను. చాలా ముద్దుగా వచ్చింది కూడా.

"అడిగితే చెప్పేవాణ్ణిగా అమ్మాయ్."

అక్టోబరు 2, బుధవారం

గాంధీ జయంతి సెలవు. మూత కుట్టు 67 బెజ్జాలు విప్పాను. వెనక్కి కూడా వాలాలంటే మడత దగ్గర తోలు పలచబడాలి. లోపలి పక్క రెండు మిల్లీమీటర్లని ఒకటికి చెక్కాలి, మూడు వేళ్ల వెడల్పున. ఇక్కడ చెయ్యి కొంచెం ఎక్కువ పడితే బైటికి చిల్లి పడుతుంది, బ్యాగంతా పోయినట్టే. నేను చేయలేదు. బాబాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. రంపెని పడుకోబెట్టి, గాజుపలక మీద, ఉల్లిపొరల్లాంటి పెచ్చులు లేపారు. ప్రతి రెండు తోపులకీ ఆపి వేళ్ల మధ్య నలుపుతూ మందం చూశారు. వర్నియర్ కాలిపర్ నా సంచిలో ఉంది, తీయడానికి సిగ్గేసింది. ఇంటికొచ్చి కొలిచాను. 1.1.

అయస్కాంతం తీసేసిన చోట గుండ్రటి ముక్క అతికించి కుట్టాను. దిష్టిచుక్కలా ఉంది.

అంచుల సంగతి. ఉప్పుకాగితంతో రుద్ది, తడిపి, కర్రతో గట్టిగా రాపాడితే అంచు గాజులా మెరవాలి. బైటి దేశాల వాళ్లు వాడే బంకలు ఇక్కడ చిన్న డబ్బా కూడా ఖరీదే. తుమ్మబంక నానబెట్టి ప్రయత్నించాను. మెరిసింది! సంబరంగా అందరికీ చూపించాను. మర్నాటికి ఎండి, వంచిన చోటల్లా పెళుసుగా పెచ్చులూడింది. మళ్లీ రుద్ది, ఈసారి ఒట్టి నీళ్లూ తేనెమైనం. అంత మెరుపు లేదు గానీ ఊడదు. రాపాడిన కర్ర మజ్జిగ కవ్వం కాడ. అమ్మకింకా తెలీదు. శ్రావణం అయిపోయింది కాబట్టి శిక్ష తక్కువే పడుతుందని ఆశ.

అక్టోబరు 6, ఆదివారం

భుజం పట్టీ. ఆగస్టులో ఒకటి కోసి ఉంచాను, 110 సెంటీమీటర్లు. దాన్ని తలుపు గొళ్లేనికి తగిలించి మూడు కిలోల బియ్యం సంచి కట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున కొలిస్తే 114. నాకు కక్కుర్తి, పొట్ట వైపు పొడవు కలిసొస్తుందని అక్కణ్ణుంచి కోశాను. పొట్ట తోలు సాగుతుంది, గేదెదైనా మనదైనా. వెన్నెముక పక్కనుంచి ఇంకోటి కోసి అలాగే వేలాడదీశాను. అర సెంటీమీటరు. ఇది ఉంటుంది.

మూడు కిలోలు ఎందుకంటే, పాతరోజుల్లో సాయంత్రానికి చిల్లరే అంత అయ్యేదని నాన్న అన్నారు. పాత ఐదు రూపాయల బిళ్ల ఒక్కోటి తొమ్మిది గ్రాములు. ఇప్పటివి అంతకన్నా తేలిక. చిల్లర ఇవ్వలేదని గొడవపడే జనం ఆ బరువు ఎప్పుడూ ఆలోచించరని ఆయన ఫిర్యాదు.

అక్టోబరు 13, ఆదివారం

నిన్న దసరా. బ్యాగుకి బొట్టు పెట్టి ఆయుధాల పక్కన పెట్టింది అమ్మే. నేనడగలేదు. నా ఉలీ సుత్తీ కూడా పెట్టింది. కవ్వం కూడా అక్కడే ఉంది. దాని కాడ నల్లగా ఉంది. నావైపు ఒక్కసారి చూసి ఊరుకుంది.

ఇవాళ నాన్న భుజాన వేసుకున్నారు. పట్టీ రెండు బెజ్జాలు పైకి బిగించారు. మూత వెనక్కి తోశారు. అది ఏ పేచీ లేకుండా వెళ్లి ఒంటికి అతుక్కుంది. నడుముకి ఎడమ పక్కన బ్యాగు సర్దుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నావైపు చూస్తూనే చెయ్యి లోపల పెట్టారు. బొటనవేలు నోటి అంచు మీద ఆనింది, పాతదాంట్లో నల్లగా ఉన్న చోటే. నోట్ల అరలోంచి వంద తీశారు. వెనక్కి పెట్టారు. యాభై తీశారు. చూడకుండానే. నైట్ సర్వీసుల్లో లైటు వేస్తే పడుకున్నవాళ్లు తిడతారట.

తర్వాత చిల్లర జేబులో వేళ్లు పెట్టారు. ఆగారు. ఇంకాస్త లోపలికి తోశారు. మొహం చిట్లించారు.

"లోతెక్కువైందే. అడుగున బిళ్ల అందట్లా."

తొమ్మిది సెంటీమీటర్లు పెట్టాను. పాతది ఎంత ఉందో కొలిచే కుట్టాను కదా అన్నాను. పాత జేబు ముక్క తెచ్చి చూపించాను, తొమ్మిదే. నాన్న దాన్ని తిరగేసి చూపించారు. మధ్యలో అడ్డంగా వరసగా చిన్నచిన్న బెజ్జాలు. నేను వాటిని పురుగు తిన్న గుర్తులనుకున్నాను. తెనాలి బస్టాండులో కుట్టించుకున్నారట, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే. ఆరు సెంటీమీటర్ల దగ్గర అడ్డకుట్టు.

"ఇప్పుడు కుట్టాలంటే మొత్తం విప్పాలా?"

విప్పక్కర్లేదు. జేబు వెడల్పు తొమ్మిది సెంటీమీటర్లు, అంటే 22 బెజ్జాలు. బ్యాగు లోపల చెయ్యి తిరగదు, సుత్తి అసలే పనికిరాదు. ఒక్కొక్కటే ఆరెతో గుచ్చుకోవాలి. నా దగ్గర ఆరె లేదు. రేపు ఆఫీసయ్యాక గవర్నర్‌పేట వెళ్లాలి. ఒకటో తారీఖు లోపల బ్యాగు కావాలని ట్రెజరర్‌గారు చెప్పి మరీ వెళ్లారు.